మూడోసారి చూస్తేగాని నమ్మని మాలిక్ గారు

కళ్ళారా చూసినదాన్ని నమ్మడానికి ఇంకేం కావాలని లోకం అడుగుతుంది. సంతలో సరుకు కొనేవాడికీ, న్యాయస్థానంలో సాక్షికీ, పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దలకూ ఒక్క చూపు చాలునన్నది అందరూ ఒప్పుకున్న మాట. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని చెప్పడానికి ఎన్ని వంటిళ్ళు చూసి ఉండాలన్న ప్రశ్న మీద పూర్వం తార్కికులు తరాల తరబడి వాదించుకున్నారు గాని, ఆ వాదం తేలేదాకా లోకం ఆగలేదు. పొగ చూసింది, నీళ్ళ బిందె పట్టుకొని పరుగెత్తింది. గుంటూరు శివార్లలోని ఒక కళాశాలలో రసాయనశాస్త్రం బోధించే షేక్ మాలిక్ గారు మాత్రం బిందె పట్టుకొని నిలబడి, పొగ ఇంకో రెండుసార్లు రావాలి అనే మనిషి.

ఒకసారి జరిగినదేదీ ఆయన లెక్కలో జరిగినట్టు కాదు. మూడుసార్లు జరగాలి. ఆ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, వేర్వేరు చోట్ల మొదలై జరగాలి. అప్పుడు తల కొంచెం వంచి, “సరే” అంటారు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన నోట విన్నవారు లేరు. ఆయన వద్ద పరిశోధన చేస్తున్న బిందుమాధవి నాలుగేళ్ళలో ఆ “సరే”ను సరిగ్గా రెండుసార్లు విన్నది. కనుక అది ఆయన నిజంగా అనే మాటేనా అన్న విషయం ఆమెకు ఇంకా రుజువు కాలేదు.

ఆయన చేసే పని ఇటువంటి స్వభావానికి అగ్నికి ఆజ్యంలా తోడైంది. ప్రోటీన్ల నుంచి తుంచినట్టుండే చిన్న చిన్న తునకలను పెప్టైడ్లంటారు. వీటిలో కొన్ని రకాలను నీళ్ళలో వదిలితే, ఎవరూ చెయ్యి పెట్టకుండానే, ఒకదాని పక్కకు ఒకటి చేరి సన్నని దారాలుగానో, పలకలుగానో, లోపల బోలుగా ఉండే గొట్టాలుగానో అమరుతాయి. వెంట్రుకను వేల పాయలుగా చీలిస్తే వచ్చేంత సన్నదనం వాటిది. ఏ పెప్టైడు ఏ రూపం దాలుస్తుందో ముందుగా తెలిస్తే, ఒంట్లోకి మందును మోసుకెళ్ళే గొట్టాన్నో, పుండు మీద తడిని నిలిపి ఉంచే జిగురునో చేసుకోవచ్చునని ఆశ. మాలిక్ గారి ప్రయోగశాలలో గాజు సామాను ఉండదు. కంప్యూటరులో ఒక పెట్టెడు నీళ్ళుంటాయి. అందులో కొన్ని వందల పెప్టైడ్లను చెల్లాచెదురుగా వదిలి, ఏ అణువు దేన్ని ఎంత బలంగా లాగుతుందో లెక్క కట్టించుకుంటూ, అవి వాటంతట అవి ఎలా కలుస్తాయో చూస్తారు. దాన్ని వాళ్ళు రన్ అంటారు. సెకనులో పదిలక్షలవ వంతులో జరిగిపోయే సంగతిని చూపించడానికి యంత్రానికి పదకొండు రోజులు పడుతుంది. ఆ పదకొండు రోజులూ చూసేవాడికి ఓపిక కావాలి. మాలిక్ గారికి ఉన్నది ఓపిక కాదు; అంతకంటే చాలా ప్రమాదకరమైనది.

కళాశాల గేటు ఎదుట బుల్లయ్య మిరపకాయ బజ్జీల బండి ఉంది. మాలిక్ గారు ఆ బండి వద్దకు వచ్చిన మొదటిరోజున ఒక బజ్జీ తిని చేతులు తుడుచుకుంటూ ఉంటే, ఎలా ఉందని బుల్లయ్య మర్యాదకు అడిగాడు.

“ఇప్పుడే చెప్పలేనయ్యా. ఇంకో రెండుసార్లు తినాలి.”

“తినండి సార్, వేడి వేడిగా ఉన్నాయి.”

“ఇవి కాదు. ఇవన్నీ ఒకే మూకుడువి. వేరే రోజు, వేరే పిండి, వేరే నూనె కావాలి.”

నూనె మాట వినగానే బుల్లయ్యకు చెమటలు పట్టాయి. తనిఖీకి వచ్చిన అధికారి మారువేషంలో ఉన్నాడని నిశ్చయించుకొని, వారం రోజులపాటు పూటకొక కొత్త నూనె ప్యాకెట్టు విప్పాడు. మాలిక్ గారు నడుమ రెండురోజులు వదిలి ఒకసారి, మళ్ళీ వదిలి ఒకసారి వచ్చి తిని, చివరికి “సరే” అని వెళ్ళిపోయారు. ఆ సరేకి బాగున్నాయని అర్థమా, బాగాలేవని అర్థమా అని బుల్లయ్య బిందుమాధవిని పక్కకు పిలిచి అడిగాడు. ఆ విషయం తెలిసిన రోజున తన థీసిస్ కూడా పూర్తవుతుందని ఆమె చెప్పింది.

ఫోను సంగతీ అంతే. ఒకసారి మోగితే ఎవరో పొరపాటున నొక్కి ఉండవచ్చు. రెండోసారి మోగితే ఆ పొరపాటే కొనసాగుతూ ఉండవచ్చు. మూడోసారి, అదీ కొంచెం ఎడమిచ్చి మోగితేనే ఎవరికో తనతో పని ఉందని ఆయన ఒప్పుకుంటారు. ఆయనకు ఫోను చేయాలంటే బిందుమాధవి మొదటి రెండుసార్లూ చెవి దగ్గర పెట్టుకోవడం కూడా మానేసింది.

ఈ గుణం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు యాస్మిన్ చెప్పింది. యాస్మిన్ ఆయన భార్య, పిడుగురాళ్ల మనిషి. మాలిక్ గారిదీ ఆ ఊరే. ఆయన తండ్రి పీరు అక్కడి సున్నపు బట్టీలలో పనిచేశాడట. రాయి సరిగ్గా కాలిందో లేదో తెలుసుకోవడానికి దానిమీద నీళ్ళు చల్లుతారు. కాలిన రాయి అయితే వేడెక్కి, పగిలి, పొడి అవుతుంది. మిగతావాళ్ళు పైనున్న రాయి ఒకటి తీసి చల్లి, అది పొడి అయితే బట్టీ దింపేవాళ్ళు. పీరు మాత్రం పైనుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి, అంచున గోడకు ఆనుకున్నది ఒకటి తీసి చల్లందే దింపనిచ్చేవాడు కాదు. నడుమ కాలినంత మాత్రాన అంచు కాలినట్టు కాదని ఆయన వాదన. ఆ మూడు రాళ్ళూ చూస్తూ పెరిగిన పిల్లవాడు పెద్దవాడై, కనిపించిన ప్రతి వస్తువు మీదా నీళ్ళు చల్లుతున్నాడు.

“నన్ను కూడా మూడుసార్లు చూశాకే ఒప్పుకున్నాడు మీ సారు,” అన్నది యాస్మిన్, తేనీరు వడకడుతూ. “మొదటిసారి మా ఇంట్లో చూశాడు. రెండోసారి మా పిన్ని కూతురి నిఖాలో. అప్పుడన్నా చెప్తాడేమోనని మా అత్త రసూల్‌బీ నోరు తెరుచుకొని చూస్తా ఉంటే, ఊఁ అనలా ఆఁ అనలా.”

“మూడోసారి ఎక్కడ మేడమ్?”

“పిడుగురాళ్ల బస్టాండులో. మిట్టమధ్యాహ్నం. బియ్యం సంచి మోసుకుంటా, కండక్టరుతో పోట్లాడతా ఉన్నాను. స్తంభం పక్కన నిలబడి ఎవడో నన్నే చూస్తన్నాడు. జేబుదొంగ అనుకొని సంచి ఇటు పక్కకి మార్చుకున్నా. ఆ రోజు సాయంత్రమే ఇంటికెళ్ళి సరే అన్నాడంట.”

ఇంట్లో చూసినప్పుడు ముస్తాబు చేసి కూర్చోబెట్టారనీ, నిఖాలో అందరూ మంచిగానే ఉంటారనీ, ఎవరూ సర్ది పెట్టనప్పుడు మనిషి ఎలా ఉంటుందో బస్టాండులోనే తెలిసిందనీ ఆయన తరువాత వివరణ ఇచ్చారట. కండక్టరుతో పోట్లాడుతుండగా తనను ఇష్టపడ్డ మనిషితో పదిహేనేళ్ళు కాపురం చేసిన మీదట, ఆ వివరణ మెచ్చుకోలో కాదో తనకూ తేలలేదని యాస్మిన్ అన్నది.

ఇంతవరకూ ఇది నవ్వుకోవలసిన సంగతి. కాని నవ్వుకునేవారికి ఆయన సంతకంతో పని లేదు. బిందుమాధవికి ఉన్నది. కనిగిరి దగ్గరి పల్లెలో పత్తి వేసే కోటేష్, వెంకటరావమ్మల కూతురు ఆమె. పరిశోధనకు ఇచ్చిన గడువు ఈ జూన్‌తో ముగుస్తుంది. దాన్ని పొడిగించాలా, పేరు కొట్టివేయాలా అన్నది జూన్ రెండోవారంలో కూర్చునే కమిటీ తేలుస్తుంది. చూపించడానికి ఒక ఫలితం ఉంటే పొడిగింపు. లేకపోతే నాలుగేళ్ళ చదువు అక్కడితో సరి. చేతిలో ఒక కాగితం కూడా మిగలదు.

ఏప్రిల్ మొదట్లో ఆమెకు గొట్టం కనిపించింది. పదకొండోరోజు ఉదయం రన్ ముగిసి, తెర మీద బొమ్మ తిప్పి చూస్తే, చెల్లాచెదురుగా వదిలిన పెప్టైడ్లన్నీ గుండ్రంగా అమరి, ఈ చివర నుంచి చూస్తే ఆ చివర కనిపించేలా బోలుగా నిలబడి ఉన్నాయి. పక్క బల్ల మీద పనిచేసే నాజియా లేచి వచ్చి, బొమ్మను తానూ ఒకసారి తిప్పి చూసి, “గొట్టమేనే ఇది,” అన్నది. ఇద్దరూ కలిసి మాలిక్ గారి గదికి వెళ్ళారు. ఆయన కళ్ళజోడు సవరించుకొని, బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి, ఇరవై నిమిషాలు చూశారు.

“ఒకసారి వచ్చింది,” అన్నారు.

“అవును సార్.”

“ఇంకో రెండు వెయ్యి.”

“సార్, జూన్‌లో కమిటీ ఉంది.”

“పదకొండు రెళ్ళు ఇరవై రెండు. జూన్ లోపలే అయిపోతాయి.”

ఇరవై రెండు రోజులలో ఒక మనిషికి ఎన్నిసార్లు నిద్ర పట్టకుండా ఉంటుందో ఆ గుణకారంలో లేదు. ఆ సాయంత్రం ఫోనులో వెంకటరావమ్మ చదువు సంగతి అడిగితే, పని అయిందనీ, ఇంకో రెండుసార్లు కావాలనీ బిందుమాధవి చెప్పింది. వండిన అన్నం తినకుండా, మళ్ళీ వండి చూపించమనే మనిషి దగ్గర నాలుగేళ్ళు ఎలా ఉన్నావే అని తల్లి నిట్టూర్చింది. కోటేష్ ఫోను అందుకొని, ఆ సారు చెప్పింది న్యాయంగానే ఉందన్నాడు. గుంటూరు యార్డుకు మిర్చి వేసుకెళ్ళిన తోడల్లుడు చెప్పాడట: కొనేవాడు సంచి మూతి దగ్గర కాయ చూసి కొనడు, అడుగుదాకా చెయ్యి పెట్టి తీస్తాడు. ఇంటిల్లిపాదిలో తనవైపు ఒక్కరు కూడా పూర్తిగా లేరని బిందుమాధవికి అర్థమైంది.

ప్రయోగశాలలో ఉన్నది, ఈ లెక్కలు కట్టే గ్రాఫిక్స్ కార్డులు నాలుగున్న యంత్రం ఒక్కటే. విద్యార్థులకు ఒక కార్డు; వంతులవారీగా వాడుకోవాలి. మిగిలిన మూడింటి మీద మాలిక్ గారి సొంత పని నడుస్తుంది. ఏసీ ఉన్న గది కూడా ఆ యంత్రానిదే కనుక మే నెలలో విభాగమంతా అన్నం డబ్బాలు పట్టుకొని అక్కడికే చేరేది. ఆ చల్లదనంలో, పచ్చళ్ళ వాసనల మధ్య, బిందుమాధవి రెండో రన్ ముగిసింది. గొట్టం. నాజియా తన వంతు కూడా వదులుకొని కార్డు ఇచ్చింది. మూడో రన్ ముగిసింది. గొట్టం.

మాలిక్ గారు మూడింటినీ చూశారు. తల కొంచెం వంచారు. “సరే,” అన్నారు.

ఆ మధ్యాహ్నం నాజియా మిఠాయి తెప్పించింది. విభాగాధిపతి ప్రేమ్‌చంద్ గారు స్వయంగా వచ్చి, మాలిక్ గారి చేత సరే అనిపించుకున్న విద్యార్థికి కమిటీ ఒక లెక్కా అని అభినందించారు. బిందుమాధవి ఆ రోజంతా ఎవరు ఏమడిగినా నవ్వింది. మూడో సరే వచ్చింది కనుక ఆ మాట నిజమేనని కూడా ఆమెకు రుజువైపోయింది.

కమిటీ శుక్రవారం. సోమవారం ఉదయం ఆమె స్లైడ్లు తయారుచేసుకుంటూ, మూడు రన్‌ల మొదటి బొమ్మలను పక్కపక్కన పెట్టింది. పెప్టైడ్లు కలవకముందు ఎంత చెదిరి ఉన్నాయో చూపిస్తే, కలిసిన తరువాతి బొమ్మకు శోభ వస్తుందని ఆమె ఆలోచన. పెట్టి చూస్తే ఒకే బొమ్మను పొరపాటున మూడుసార్లు అతికించినట్టు కనిపించింది. తీసివేసి, మళ్ళీ జాగ్రత్తగా ఒక్కొక్క ఫైలూ తెరిచి అతికించింది. మళ్ళీ అంతే. అప్పుడు ఆమె మూడు రన్‌లకూ తాను ఇచ్చిన ఆదేశాలు తెరిచి చూసింది.

పెట్టెలో పెప్టైడ్లను చెల్లాచెదురు చేయడానికి ఒక ప్రోగ్రాము ఉంటుంది. దానికి మనం ఒక సంఖ్య ఇవ్వాలి. సంఖ్య మారిస్తే చెదురూ మారుతుంది. అదే సంఖ్య ఇస్తే, ఎన్నిసార్లు చెదరగొట్టమన్నా, అణువు తేడా లేకుండా అదే చెదురు మళ్ళీ వస్తుంది. మొదటి రన్‌కు బిందుమాధవి తన ఫోను నంబరులోని చివరి నాలుగంకెలు ఇచ్చింది. రెండోదానికీ మూడోదానికీ సంఖ్య మార్చడం మరిచిపోయింది. ఆ తరువాత అణువుల వేగాలు వేరువేరుగా ఇచ్చింది కనుక మూడూ నడిచిన తీరులో తేడాలున్నాయి. అందువల్ల ఎవరికీ అనుమానం రాలేదు. కాని బయలుదేరిన చోటు మాత్రం ఒక్కటే. మూడుసార్లు వేసింది మూడు రన్‌లు కాదు. ఒక్కదాన్నే మూడు వేషాలలో చూసింది.

దగ్గరగా చూస్తే ఇంకొకటి కూడా కనిపించింది. ఆ చెదురులో, కేవలం కాకతాళీయంగా, ఒక మూల ఆరు పెప్టైడ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. మిగిలినవన్నీ వాటిని చూసి చేరాయేమో. గొట్టం దానంతట అది పుట్టిందో, తాను తెలియకుండా వేసిన వరుసలో నుంచి మొలిచిందో చెప్పే దారి లేదు.

ఆ ఉదయం ఆమె మనసులో నడిచిన వాదం చిన్నది కాదు. మొదటి బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించమని కమిటీ ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. ఆ స్లైడు ఒక్కటి తీసివేస్తే ఎవరికీ తెలియదు. తనకు తెలుస్తుంది, అయితే పొడిగింపు వచ్చిన తరువాత నెమ్మదిగా సరిచేసుకోవచ్చు. ఇంతదూరం వచ్చాక, ఆమెకు తన మీద కంటే మాలిక్ గారి మీద ఎక్కువ కోపం వచ్చింది. ఏప్రిల్‌లో ఒక్కదానితో ఊరుకొని ఉంటే, ఒకసారి వచ్చిందని నిజమే చెప్పి ఉండేది. మూడు కావాలని పట్టుబట్టడం వల్లనే ఇప్పుడు చేతిలో ఉన్నది మూడింతల అబద్ధమైంది. ఆ కోపంతోనే లేచి, ఆ కోపం చల్లారకముందే ఆయన గదికి వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

మాలిక్ గారు అప్పుడే అన్నం డబ్బా మూత తీశారు. వింటూ మళ్ళీ మూత పెట్టారు. ఆమె తెచ్చిన బొమ్మను తన తెర మీద తెరిపించుకొని, మూలనున్న వరుస మీద వేలు పెట్టారు.

“ఇవి ఆరు.”

“అవును సార్.”

“నేను మూడోదాకా చూసి కూడా మొదటి బొమ్మలు అడగలేదు. అది నా తప్పు.”

“సంఖ్య మార్చంది నేను సార్. తిట్టండి.”

“ఇలాంటి పొరపాటు ఇంతకుముందు ఎప్పుడన్నా చేశావా?”

“లేదు సార్.”

“అంటే ఒకసారి.”

“ఒక్కసారే సార్.”

“ఒకసారి జరిగినదాన్ని పట్టుకొని నీ గురించి నేనేమీ అనలేనమ్మా. ఇంకో రెండుసార్లు చెయ్యి. అప్పుడు అజాగ్రత్త మనిషివంటాను.”

అని డబ్బా మూత తీసి అన్నం కలుపుకున్నారు. కాసేపటికి, భోంచేశావా అని అడిగారు. తిట్లు తినడానికి కూడా ఈయన దగ్గర మూడుసార్లు క్యూ కట్టాలా అని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కారిడారు చివరిదాకా వెళ్ళిన తరువాతగాని, ఆయన తనను తిట్టలేదన్న సంగతి ఆమె మనసుకు ఎక్కలేదు.

శుక్రవారం కమిటీ ముందు ఆమె మూడు మొదటి బొమ్మలనూ పక్కపక్కన పెట్టే చూపించింది. ఏమి జరిగిందో చెప్పింది. వేరే ఊరి నుంచి వచ్చిన సభ్యుడు పెద్దమనిషి, కఠినుడని పేరు. నాలుగేళ్ళకు ఒక ఫలితం, ఆ ఫలితం కూడా చెల్లనిది అయినప్పుడు ఈ పేరు ఇంకా జాబితాలో ఎందుకుండాలని ఆయన నెమ్మదిగానే అడిగాడు. ప్రేమ్‌చంద్ గారు కాగితాలు సర్దుకున్నారు. మాలిక్ గారు, ఈ అమ్మాయి పని చెడడం ఎన్నోసారి అని ఆ సభ్యుణ్ణి అడిగారు. తెలిసినంతవరకు ఇదే మొదలని ఆయన అన్నాడు.

“మరి ఒకసారి చెడినదాన్ని ఫలితమని ఎట్లా రాస్తారండీ?”

ప్రేమ్‌చంద్ గారికి ఆ మాట వినగానే నవ్వు ఆగలేదు. ఈ ప్రశ్న తాము నాలుగేళ్ళ క్రితం ఇదే గదిలో, ఇదే అమ్మాయి విషయంలో విన్నామని బయటి సభ్యుడికి చెప్పారు. ప్రవేశపు ఇంటర్వ్యూలో ఆమెను ఆరు ప్రశ్నలు అడిగితే ఒక్కదానికీ నోరు పెగలలేదట. అందరూ పేరు కొట్టివేశారు. మాలిక్ గారు మాత్రం తన కాగితం మీద మార్కులు వేయవలసిన చోట “ఒకసారి” అని రాసి, ఆమెను వేరే రోజున మళ్ళీ పిలిపించేదాకా సంతకం పెట్టనన్నారు. రెండోసారి మూడింటికి జవాబు చెప్పింది. మూడోసారి జవాబులు చెప్పి, ఊరుకోకుండా, వాళ్ళనే ఒక ప్రశ్న అడిగింది.

బిందుమాధవి ప్రొజెక్టరు పక్కన నిలబడి ఇదంతా విన్నది. ఆ మూడు ఇంటర్వ్యూలకూ కనిగిరి నుంచి తెల్లవారకముందే బస్సెక్కి, వాంతులు చేసుకుంటూ వచ్చి, మూడోసారి తిరుగు ప్రయాణంలో ఈ మాలిక్ అనే ఆయనను దారి పొడుగునా శపించింది. ఆయన మనస్తత్వానికి అదే మొదటి నిదర్శనమని నాజియాకు ఎన్నోసార్లు చెప్పింది కూడా. గెలుపును నమ్మడానికి మూడుసార్లు అడిగే మనిషి, ఓటమిని నమ్మడానికీ అంతే అడుగుతాడన్న వైపు నుంచి ఆమె ఆ నియమాన్ని ఏనాడూ చూడలేదు. విభాగంలో ఎవరూ చూసినట్టు లేరు.

బయటి సభ్యుడు కళ్ళజోడు తీసి తుడుచుకొని, నెలాఖరులోగా మూడు సరైన రన్‌లు చూపిస్తే పొడిగింపు, లేకపోతే లేదని తేల్చాడు. నెలాఖరుకు పద్దెనిమిది రోజులు. ఒక కార్డు మీద ఒకదాని తరువాత ఒకటి వేస్తే మూడు రన్‌లకు ముప్ఫై మూడు రోజులు. ఈ లెక్క బిందుమాధవికి తెలుసు, మాలిక్ గారికి తెలుసు. బయటి సభ్యుడికి తెలియదు. ఆయనకు రైలు వేళయింది.

శనివారం ఉదయం ఆమె వచ్చేసరికి యంత్రం మీద మూడు కార్డులు ఖాళీగా ఉన్నాయి. అడిగితే, ఖాళీ అయ్యాయి, వేసుకో, సంఖ్యలు చూసుకొని వెయ్యి అన్నారు మాలిక్ గారు. మూడు వేర్వేరు సంఖ్యలు ఇచ్చి, మూడు మొదటి బొమ్మలనూ ముద్రించి నాజియా చేత కూడా చూపించుకొని, మూడింటినీ ఒకేసారి వేసింది. పన్నెండోరోజుకు ముగిశాయి. రెండు గొట్టాలయ్యాయి. మూడోది ఏ రూపమూ లేకుండా, పిడికిట పిసికిన పిండిలా ముద్దగా మిగిలిపోయింది.

“రెండే వచ్చాయి సార్. ఇప్పుడిది గొట్టమని రాయాలా, కాదని రాయాలా?”

“కొన్నిసార్లు గొట్టమవుతుందని రాయి.”

అలాగే రాసింది. ముద్ద బొమ్మ కూడా పెట్టింది. బయటి సభ్యుడు ఆ నివేదిక చదివి, ఆ ముద్దను చూసిన తరువాతే మిగతా రెండింటినీ నమ్మానని ప్రేమ్‌చంద్ గారికి ఉత్తరం రాశాడు. ఒక సంవత్సరం పొడిగింపు వచ్చింది.

ఆ కాగితం మీద సంతకానికి ఆమె ప్రేమ్‌చంద్ గారి గదికి వెళ్ళినప్పుడు, ఆయన కలం మూత తీస్తూ, మీ సారు ఈ ఏడు ప్రొఫెసరు కావలసిన మనిషి, తెలుసా అని అడిగారు. ఆమెకు తెలియదు. ఆయన చెప్పారు. ఆ పదవికి పేర్లు పంపడానికి ఆఖరు తేదీ కూడా జూన్ నెలాఖరే. మాలిక్ గారికి అందుకు ఒక వ్యాసం తక్కువ. ఆ వ్యాసానికి ఆయన మూడు కార్డుల మీద ఒక పెద్ద రన్ నడుపుతున్నారు. అటువంటివి రెండు అంతకుముందే ముగిశాయి. నడుస్తున్నది మూడోది. అది ఇంకో పదిరోజులలో పూర్తయ్యేది.

శుక్రవారం కమిటీ లేచిన తరువాత మాలిక్ గారు యంత్రం గదికి వెళ్ళి, ఎనభై మూడు రోజులుగా నడుస్తున్న ఆ రన్‌ను ఆపారు. నిలిపినచోటి నుంచి దాన్ని ఎప్పుడైనా మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. గడువు మాత్రం నిలవదు. మూడు కార్డులనూ బిందుమాధవి పేరిట మార్చారు. తరువాత ప్రేమ్‌చంద్ గారి గదికి వచ్చి, ఈ ఏడు తన పేరు పంపవద్దని చెప్పారు. ముగిసిన రెండు రన్‌లతోనే వ్యాసం పంపించేయమని ప్రేమ్‌చంద్ గారు అడిగారు, కుదరదన్నారు. పోనీ ఈ నిర్ణయం గురించి ఇంకో రెండుసార్లు ఆలోచించుకోమన్నారు, అక్కరలేదన్నారు. కుర్చీ మీద పెట్టిన అన్నం డబ్బా తీసుకొని, అయిదింటి బస్సుకు ఇంటికి వెళ్ళిపోయారు.